బ్యాటరీ అయిపోయిందంటే ఎవరూ నమ్మరు

మా మేనకోడలు స్వప్న ఈమధ్య గురుగ్రామ్‌లో ఒక ఫోన్ల సర్వీస్ సెంటర్‌లో చేరింది. వారం తిరక్కముందే మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "కస్టమర్లందరూ అబద్ధాలకోర్లే అత్తా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. దానిమీద కాదు, వారంలోనే దానికి ఆ మాట నేర్పిన వాళ్లమీద. నా ఉద్యోగంలోనూ మొట్టమొదట నేర్పిన పాఠం అదే. దాన్ని వదిలించుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. స్వప్నకూ, అలాంటి కౌంటర్ల వెనక కూర్చోబోయే మిగతా పిల్లలకూ పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మాది బందరు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, పెళ్లయ్యాక ఢిల్లీ వచ్చాను. నెహ్రూ ప్లేస్‌లో ఒక కెమెరా సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం దొరికితే చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. నేను ఫోటోలు తీస్తానని మా చుట్టాలంతా గట్టిగా నమ్మేవారు. ఎవరింట్లో శుభకార్యమైనా "విమల వస్తుందిగా, ఇంక ఫోటోగ్రాఫర్ ఎందుకు" అనుకునేవారు. తల తెగకుండా ఒక ఫోటో తీయడం నాకు ఈరోజుకీ చేతకాదు. నా పనల్లా మొరాయించిన కెమెరాను విప్పి, ఎందుకు మొరాయించిందో కనిపెట్టడం. అంతకంటే ఎక్కువగా, దాన్ని తెచ్చిన మనిషి మాట వినడం.

ప్రమోషన్ల సంగతీ, ఆఫీసు కాగితాల సంగతీ రాయను. అవి చదివితే మీకు నిద్రొస్తుంది. రాస్తే నాకూ వస్తుంది.

అన్నిటికంటే చిన్న జబ్బు

నేను చెబుతున్నది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. రీలు కెమెరాలు మూలపడి, డిజిటల్ కెమెరాలు ఇళ్లలోకి వస్తున్న కాలం. వాటిలో చాలావాటికి పెన్సిల్ సెల్స్ వెయ్యాలి, రెండో నాలుగో. గోడ గడియారంలో ఏడాదిపాటు నడిచిన సెల్ కెమెరాలో వేస్తే పట్టుమని పది ఫోటోలు రాకముందే చేతులెత్తేసేది. గడియారం చెంచాతో తాగితే కెమెరా చెంబుతో తాగుతుంది మరి. దాంతో జనం మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెట్టుకునే సెల్స్ మీద పడ్డారు. అప్పటినుంచి మా కౌంటర్‌కు వచ్చే కెమెరాల్లో సగానికి సగం కెమెరా జబ్బు కాదు, సెల్ జబ్బే.

ఆ సెల్స్ కొనడంలో జనం చేసే మొదటి పొరపాటు నంబరు చూసి మురిసిపోవడం. సెల్ మీద దాని బలం ఎంతో అంకెల్లో రాసి ఉంటుంది. ఫుట్‌పాత్ మీద అమ్మే సెల్స్ మీద ఆ అంకె ఎంత పెద్దదిగా ఉంటే లోపల సరుకు అంత తక్కువ. రాయడానికి ఏముంది, సిరాయేగా ఖర్చు. నేను అంకె చూసేదాన్ని కాదు, చేతిలో పెట్టుకుని బరువు చూసేదాన్ని. నిజమైన సెల్ కాస్త బరువుగా ఉంటుంది. బోగస్‌ది దూదిలా తేలిపోతుంది.

రెండో పొరపాటు పాతా కొత్తా కలపడం. నాలుగింటిలో రెండు పోయాయని రెండే కొని వేస్తారు, పొదుపు చేశామనుకుంటారు. నాలుగింటిలో ఒక్కటి నీరసపడినా మిగతా మూడూ ఎంత బాగున్నా కెమెరా ఆగిపోతుంది. అందుకే నా సొరుగులో ఎప్పుడూ గోళ్లరంగు సీసాలు ఉండేవి. ఒకేసారి కొన్న నాలుగింటికీ ఒకే రంగు చుక్క పెట్టి ఇచ్చేదాన్ని. ఎర్రచుక్కవి ఎర్రచుక్కవాటితోనే ఛార్జింగ్‌కు వెళ్లాలి, ఎర్రచుక్కవాటితోనే కెమెరాలోకి వెళ్లాలి. "విమలాజీ బ్యూటీ పార్లర్" అని మావాళ్లు ఏడిపించేవారు. నవ్వుకోండి నాయనా అనేదాన్ని.

ఇక సెల్‌లో బలం ఎంతుందో కొలిచే మీటరు. మీటరును గుడ్డిగా నమ్మకండి. సెల్‌ను ఊరికే కొలిస్తే చచ్చినది కూడా బతికున్నట్టే చూపిస్తుంది. చిన్న టార్చి బల్బు తగిలించి, అది వెలుగుతుండగా కొలవండి, అసలు రంగు బయటపడుతుంది. సెల్స్ బాగున్నా కెమెరా లేవకపోతే సెల్స్ పెట్టే అర మూత తీసి లోపలి రేకులు చూడండి. చేతి చెమటకు అవి మసకబారతాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు. ఆ రబ్బరు ముక్క సంగతి నాకు నేర్పింది మా మేనేజరు చద్దా సాబ్. కాబట్టి ఆయన గురించి కూడా చెప్పాలి.

చద్దా సాబ్

చద్దా సాబ్ చెయ్యి మంచిది. ఎంత చిన్న స్క్రూ అయినా ఆయన వేళ్లకు లొంగేది. నోరు మాత్రం అంత మంచిది కాదు. బ్యాటరీ గొడవతో ఎవరొచ్చినా ఆయన మూడు పనులు చేయించేవారు: మన సొంత సెల్స్ వేసి చూడండి, కెమెరా లేస్తే "లోపం లేదు" అని రాయండి, పంపించండి. "అరే విమలాజీ, బ్యాటరీ హమారీ జిమ్మేదారీ నహీ హై" అనేవారు. బ్యాటరీకి మనం పూచీ కాదు, కెమెరాకే పూచీ అని ఆయన లెక్క. వారంటీ కాగితం ప్రకారం అది నిజమే.

"సార్, ఆవిడ ఇంటికెళ్లాక మళ్లీ ఆగిపోతుంది కదా?"

"తో ఛార్జ్ నహీ కియా హోగా. సబ్ ఝూట్ బోల్తే హై." ఛార్జింగ్ పెట్టి ఉండరు, అందరూ అబద్ధాలే చెబుతారు. అదీ ఆయన తీర్పు.

ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి రోజుకిన్ని కెమెరాలు తేల్చమని ఒత్తిడి ఉండేది, ఆ ఒత్తిడి ఆయన మమ్మల్ని విసుక్కుని దింపుకునేవారు. కానీ ఆ మాట మాత్రం తప్పని నాకు తెలుస్తూ వచ్చింది. లెన్సు మీద గీత పడిందని చెబితే ఎవరూ కాదనరు, గీత కనిపిస్తుంది. తెర పగిలిందంటే నమ్ముతారు. "బ్యాటరీ అయిపోయింది" అంటే మాత్రం సర్వీస్ సెంటర్ నుంచి సొంత అక్కచెల్లెళ్ల దాకా ఎవరూ నమ్మరు. పెట్టిన ఛార్జింగ్ కంటికి కనబడదు, పోయిన ఛార్జింగూ కనబడదు. ఎదురుగా కనబడేది చెప్పిన మనిషి మాత్రమే, నింద ఆ మనిషి మీదికే పోతుంది.

మునిర్కాలో గది తీసుకుని చదువుకునే నరేశ్ అనే కుర్రాడు ఒకసారి వచ్చాడు. వరంగల్ వైపు అబ్బాయి, పరిశోధన చేస్తున్నాడు. ఒక పెద్దాయన ఇంట్లో పాత చేతిరాత కాగితాలుంటే, ఒక్క రోజు ఫోటోలు తీసుకోమని ఆయన ఒప్పుకున్నాడట. నరేశ్ వెళ్లాడు. నాలుగు కాగితాలు తీసేసరికి కెమెరా ఆగిపోయింది.

"బ్యాటరీ అయిపోయిందని మా సార్‌కు చెప్తే, 'నువ్వసలు పోయినవా?' అని అడిగిండు ఆంటీ" అన్నాడు.

"ముందురోజు ఏం చేశావో చెప్పు, ఒక్కటీ వదలకుండా" అన్నాను.

"కొత్త సెల్స్ ఆంటీ. టార్చిల ఏసి పానం మొత్తం తీసేసి, అప్పుడు ఛార్జింగ్ పెట్టిన. మొత్తం ఖాళీ జేసి పెడితెనే ఛార్జింగ్ నిలుస్తదని మా రూమ్మేట్ చెప్పిండు. ప్రతిసారి అట్లనే చేస్తున్న."

ఇది అప్పట్లో హాస్టళ్లన్నిటిలో తిరిగిన వైద్యం. అంతకుముందు తరం సెల్స్‌కు అది ఎంతో కొంత నిజం. ఈ సెల్స్‌కు మాత్రం అదే విషం. నాలుగింటినీ చచ్చేదాకా పిండితే, వాటిలో బలహీనమైనదాని ప్లస్సూ మైనస్సూ తారుమారై అది పూర్తిగా పాడవుతుంది. పాపం, వాడు అందరికంటే ఎక్కువ శ్రద్ధగా చేశాడు, అందుకే అందరికంటే త్వరగా పాడుచేసుకున్నాడు. కొత్త సెట్ కొనిపించి, నీలం చుక్కలు పెట్టి పంపాను. ఆ పెద్దాయన కాళ్లావేళ్లా పడి ఇంకో రోజు సంపాదించుకున్నాడట. తర్వాత ఒకసారి డబ్బా నిండా సకినాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. చద్దా సాబ్ వాటిలో సగం తిని, "లడ్కా అచ్ఛా హై" అన్నారు. కుర్రాడు మంచివాడేనట, అబద్ధాలకోరు అనలేదు.

పండగ దాకా ముట్టుకోకూడనివి

ఇప్పుడు ఎస్తేరు సంగతి. ఇది చెప్పడానికే నిజానికి ఇంతసేపూ గొంతు సవరించుకున్నాను.

ఎస్తేరు ఫరీదాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నర్సాపురం దగ్గర ఊరు. అప్పటికింకా ఫరీదాబాద్‌కు మెట్రో లేదు, బస్సుల్లో నలిగి నలిగి నెహ్రూ ప్లేస్ రావాలి. నేను సెలవులో ఉండగా రెండుసార్లు వచ్చిందట. రెండుసార్లూ మావాళ్లు సెల్స్ మార్చి చూసి, "లోపం లేదు" అని రాసి పంపేశారు. మూడోసారి వచ్చినప్పుడు నేనున్నాను. పక్కన ఏడేళ్ల పిల్ల, రెండు జడలు, నీలం స్వెట్టరు. నా బల్ల మీది పేరు చదివి ఎస్తేరు తెలుగులోకి దిగిపోయింది.

"మీరు తెలుగువారాండి! దేవుడికి స్తోత్రం. ఈ కెమెరా నా కొంప ముంచేలా ఉందండి."

కూర్చోబెట్టి, టీ తెప్పించి, చెప్పమన్నాను. పిల్ల ఎస్తేరు కూతురు కాదు, అక్క రూతు కూతురు. పేరు షారోన్. భర్త పోయాక రూతు పిల్లను చెల్లెలి చేతుల్లో పెట్టి, గల్ఫ్‌లో నర్సు పనికి వెళ్లింది. అప్పటికి నాలుగేళ్లయింది. పిల్లను కళ్లారా చూసుకోవచ్చని అక్కడినుంచి ఈ కెమెరా పంపింది. ఫోటోలు తీసి, ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి మెయిల్‌లో పంపమంది. పుట్టినరోజుకు తీయబోతే బ్యాటరీ లేదు. స్కూలు వార్షికోత్సవానికి తీయబోతే బ్యాటరీ లేదు. మట్టలాదివారం నాడు పిల్ల ఖర్జూరపు మట్ట పట్టుకుని చర్చిలో నడిచింది, అప్పుడూ లేదు.

"మొదట్లో అక్క నవ్విందండి. తర్వాత ఊరుకుంది. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫోన్‌లో అదే మాట. 'ఎన్నిసార్లు చెబుతావే ఆ బ్యాటరీ కథ? పిల్లను నాకు చూపించడం నీకిష్టం లేదు' అంటాది."

"స్టూడియోలో తీయించి పంపకపోయావా?"

"పంపానండి. 'పౌడర్ కొట్టి కూర్చోబెడితే ఏ పిల్లయినా బాగానే ఉంటాది, ఇంట్లో ఎలా ఉంటాదో చూపించు' అంది. ఊరినుంచి వచ్చిన ఒకాయన పిల్ల చిక్కిపోయిందని దానికి చెప్పాడండి. నేను డ్యూటీలకెళ్తే పిల్ల పక్కింట్లో ఉంటాదని కూడా చెప్పాడు. ఉంటాది మరి, ఏం చేయమంటారు? పక్కింటి పంజాబీ ఆంటీ నాకంటే బాగా చూసుకుంటాది." ఎస్తేరు గొంతు తగ్గించింది. "క్రిస్మస్‌కి కూడా ఫోటోలు రాకపోతే, సెలవులో వచ్చి పిల్లను తీసుకుపోయి ఊళ్లో హాస్టల్లో వేస్తానంది. అన్నంత పనీ చేస్తాదండి. అది లేకపోతే నేను..."

షారోన్‌కు తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతుంది. పిన్ని కొంగు పట్టుకుని నావైపు చూసి, "ఆంటీ, ఇస్ బార్ మేరీ ఫోటో ఆయేగీ నా?" అంది. ఈసారైనా నా ఫోటో వస్తుందా అని. ఒక పిల్ల ఎక్కడ పెరగాలన్నది నాలుగు పెన్సిల్ సెల్స్ మీదికి వచ్చి కూర్చుంది.

కెమెరా చూశాను, బాగుంది. రేకులు మెరుస్తున్నాయి. సెల్స్ బరువు చూశాను, మంచివే. నాలుగూ ఒకేసారి కొన్నవే. ఛార్జరు కూడా మంచిది, అక్క పంపిందే. చద్దా సాబ్ వెనకనుంచి తొంగిచూసి కనుబొమలెగరేశారు. చెప్పానా అన్నట్టు.

"ఎస్తేరూ, ఛార్జింగ్ ఎప్పుడు పెడతావు? తీశాక ఎక్కడ పెడతావు?"

"బాగానే పెడతానండి. పుట్టినరోజు జూలైలో కదండి, జూన్‌లోనే సెలవు దొరికినరోజు కూర్చుని నాలుగూ నిండుగా ఛార్జ్ చేశాను. చేతిరుమాలులో చుట్టి, ట్రంకుపెట్టెలో కొత్త గౌనుతో పెట్టాను. ఒక్కసారి కూడా ముట్టుకోలేదండి."

"ఒక్కసారి కూడా?"

"పండగవి పండగ దాకా ముట్టుకోకూడదు కదండి. మా అమ్మ కొత్త బట్టలు నవంబరులోనే కుట్టించి పెట్టెలో పెట్టేది. క్రిస్మస్ పొద్దున్నే తీసేది. ముందే వేసుకుంటే పండగేముంది? కెమెరా కూడా అంతేనండి. అక్క పంపింది, ఊరికే తీసి వాడితే అరిగిపోదూ?"

అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఆ తరం సెల్స్‌కు ఒక దుర్గుణం ఉండేది. ఛార్జ్ చేసి ఊరికే పెడితే, ఎవరూ వాడకుండానే రోజూ కొంచెం కొంచెం కారిపోతాయి. కుండలో నీళ్లు ఇంకినట్టు. నెల తిరిగేసరికి కెమెరాను లేపే సత్తువ కూడా ఉండదు. పెట్టెలో పెట్టినా అంతే, దేవుడి దగ్గర పెట్టినా అంతే. ఎంత ముందుగా, ఎంత భద్రంగా దాచిందో అంతగా ఖాళీ అయిపోయాయి. ఎప్పుడుపడితే అప్పుడు వాడి పారేసే అజాగ్రత్త మనుషుల కెమెరాలు ఆడుతూనే ఉంటాయి. ఎస్తేరు కెమెరా ఆగిపోయింది.

మావాళ్లు రెండుసార్లు పంపేసింది ఎందుకో ఇప్పుడు ఆలోచించండి. వాళ్లు కెమెరాను అడిగారు, సెల్స్‌ను అడిగారు. "తీశాక ఎక్కడ పెడతావు" అని ఆవిడను అడగలేదు. ఆ ప్రశ్నకు ఏ పరికరమూ అక్కర్లేదు.

రోజూ తియ్యి

"ఇవాళ్టినుంచి కెమెరా ట్రంకుపెట్టెలో పెట్టకు. రోజూ ఒక ఫోటో తియ్యి. సెల్స్ ఖాళీ అయితే ఛార్జింగ్ పెట్టు, మళ్లీ తియ్యి. వాడేకొద్దీ ఇవి బలపడతాయి, దాచేకొద్దీ చస్తాయి" అన్నాను.

ఎస్తేరు నావైపు అనుమానంగా చూసింది. "రోజూ ఏం తియ్యమంటారండి? రోజూ పండగలుండవు కదా."

"జడలు వేసుకుంటుంటే తియ్యి. అన్నం తింటుంటే తియ్యి. పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర కూర్చుంటే తియ్యి. మీ అక్క అడిగింది అదేగా, ఇంట్లో ఎలా ఉంటుందో చూపించమని."

అప్పటిదాకా ఆ సంగతి ఆవిడకు తట్టలేదు. ఖరీదైన వస్తువుతో ఖరీదైన రోజులే తీయాలని అనుకుంది. నేను దానికి ఆవిడను తప్పుపట్టను. మనలో చాలామందిమి అలాగే పెరిగాం. మా ఇంట్లో గాజు గ్లాసులు చుట్టాలొస్తేనే కిందికి దిగేవి, మేం స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్లం.

క్రిస్మస్‌కు ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను. ముందురోజే ఛార్జ్ చెయ్యి, ఆ ముందు కాదు. డిసెంబరు చలికి సెల్స్ మొద్దుబారిపోతాయి, అందుకని కెమెరాలో ఉంచకు. స్వెట్టరు లోపల ఒంటికి ఆనుకునేలా పెట్టుకుని, పిల్ల వేదిక ఎక్కేముందు వెయ్యి. నాలుగింటికీ ఆకుపచ్చ చుక్కలు పెట్టి, రబ్బరుబ్యాండు చుట్టి ఇచ్చాను. ఆ రంగు షారోనే ఎంచుకుంది.

చద్దా సాబ్ అంతా విని, లోపలికి వెళ్లిపోయారు. నేను చీవాట్లకు సిద్ధపడ్డాను. మర్నాడు పొద్దున్న వచ్చి చూస్తే కౌంటర్ మీద ఒక చిన్న అట్ట నిలబెట్టి ఉంది. దానిమీద ఆయన చేతిరాతతో హిందీలో, ఇంగ్లీషులో: సెల్స్ ఛార్జ్ చేసి దాచకండి, వాడే ముందురోజు ఛార్జ్ చేయండి. ఆయన ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బాసులు మారేటప్పుడు అలాగే చెప్పకుండా మారతారు. చూసీ చూడనట్టు ఊరుకోవడమే మంచిది.

క్రిస్మస్ ప్రోగ్రాముకు ఎస్తేరు నన్ను పిలిచింది. ఫరీదాబాద్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని మధ్యాహ్నంపూట పెట్టుకున్నారు. అంతా మన తెలుగువాళ్లే, సగంమంది నర్సులు, కొందరు డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు. షారోన్ దేవదూత వేషంలో అట్ట రెక్కలతో వేదిక ఎక్కింది. ఎస్తేరు స్వెట్టరు లోపల చెయ్యి పెట్టి ఆకుపచ్చ చుక్కల సెల్స్ తీసింది. కెమెరాలో వేసి మీట నొక్కింది. తెర వెలిగింది. నేను ఎన్ని వందల కెమెరాలు లేపానో, ఏ తెర వెలిగినప్పుడూ అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. పిల్ల పాట మొత్తం పూర్తయ్యేదాకా ఎస్తేరు నొక్కుతూనే ఉంది. సగం ఫోటోల్లో ఒక రెక్క కనిపించలేదు. ఫోటోలు తీయడంలో నాకు జోడీ దొరికింది.

ఫోటోలన్నీ అక్కకు వెళ్లాయి. రోజువారీవి కూడా వెళ్తూ వచ్చాయి. కానీ రూతు మనసు కరగలేదు. "భయపడి తీస్తున్నావు, ఇన్నాళ్లూ ఎందుకు తీయలేదు?" అందట. బ్యాటరీ సంగతి ఎస్తేరు విడమరిచి చెబితే, "దాచిపెడితే ఖాళీ అవుతాయా? ఈ కథ ఎవరు నేర్పారు నీకు?" అని ఫోన్ పెట్టేసిందట. సెలవు పెట్టానని, వచ్చి తన కళ్లతో చూసి హాస్టల్ సంగతి తేలుస్తానని మాత్రం చెప్పింది. ఎస్తేరు ఈ మాట చెప్పడానికి పనిగట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను ధైర్యం చెప్పాను గానీ, నాకే ధైర్యం లేదు. కెమెరా బాగయింది, మాట బాగవలేదు.

రూతు

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున్న ముగ్గురూ కలిసి కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఎస్తేరు, షారోన్, వాళ్ల వెనక పొడుగాటి మనిషి. పరిచయం చేయకముందే పోలిక పట్టించింది. రూతు మొహం మాడ్చుకుని ఉంది. ఎస్తేరు నావైపు చూడనైనా చూడటం లేదు. పోట్లాటకే వచ్చారనుకున్నాను.

రూతు చేతిసంచిలోంచి ఒక కెమెరా తీసి నా ముందు పెట్టింది. చెల్లెలికి పంపినది కాదు, తనకని కొనుక్కున్నది.

"ఇది పని చేయడం లేదండి" అంది.

"ఎప్పటినుంచమ్మా?"

"నిన్నటినుంచి. ఎయిర్‌పోర్ట్‌లో. నాలుగేళ్ల తర్వాత చూస్తున్నానండి పిల్లను. అది నన్ను చూసి పరిగెత్తుకుంటూ వస్తాది, ఆ రావడం ఫోటో తీసుకుందామని నేను కెమెరా చేత్తో పట్టుకునే బయటికొచ్చాను. వచ్చింది. పరిగెత్తుకుంటూనే వచ్చింది. నేను నొక్కితే ఇది లేవలేదు."

వేయాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. అడగడానికి నాకు నోరు రాలేదు, అయినా అడగాలి.

"ఛార్జింగ్ ఎప్పుడు పెట్టారమ్మా?"

రూతు చెల్లెలివైపు చూడకుండా, నావైపే చూస్తూ, మెల్లగా చెప్పింది. "సెలవు మంజూరైన రోజే పెట్టానండి. నిండుగా పెట్టి, సూట్‌కేసులో పిల్లకు కొన్న గౌను మడతలో దాచాను. ఆ రోజుకని. మధ్యలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

ఒకే అమ్మ పెంచిన పిల్లలు కదా, ఒకే పెట్టెలోంచి పండగ బట్టలు తీసుకున్నవాళ్లు. ఎస్తేరు తలొంచుకుని నిలబడింది. ఆ క్షణంలో ఒక్క మాట అనడానికి ఆవిడకు హక్కు ఉంది, అనలేదు. అందుకు నేను ఆవిడను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

షారోనే కదిలింది. పిన్ని చేతిసంచి జిప్పు తీసి, రబ్బరుబ్యాండు చుట్టిన ఆకుపచ్చ చుక్కల సెల్స్ తీసి, తల్లి చేతిలో పెట్టింది. "మమ్మీ, యే లో. కల్ హీ చార్జ్ కియా." ఇవి తీసుకో, నిన్ననే ఛార్జ్ చేశాం అని.

రూతు కెమెరా మూత తీసి ఒక్కొక్కటీ వేసింది. మీట నొక్కితే తెర వెలిగింది. ఆవిడ దాన్ని పిల్లవైపు తిప్పలేదు, అలాగే పట్టుకుని ఎస్తేరు వైపు తిరిగింది.

"చెప్పావు కదే" అంది. "ఎన్నిసార్లు చెప్పావే నాకు."

కెమెరా కౌంటర్ మీద పెట్టి, చెల్లెలి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎస్తేరు ఆవిడ వీపు నిమురుతూ, "ఊరుకో అక్కా, ఊరుకో, అందరూ చూస్తున్నారు" అంటూ తనే ఎక్కువ ఏడ్చింది. హాస్టల్ మాట ఆరోజూ ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. సెలవు అయ్యాక రూతు ఒక్కతే తిరిగి వెళ్లింది.

తర్వాత కొన్నేళ్లకు ఛార్జింగ్ కారిపోని సెల్స్ వచ్చాయి. డబ్బాలోంచి తీసి వాడుకోవచ్చు, దాచుకోవచ్చు. ఆ తర్వాత పెన్సిల్ సెల్స్ కెమెరాలే పోయాయి, ఇప్పుడు కెమెరా ఫోన్‌లోనే ఉంది. స్వప్న బల్ల ముందుకు ఇవాళ వచ్చేవాళ్లది వేరే జబ్బు. కానీ వాళ్లు చెప్పే మాట అదే. "నేను ఛార్జింగ్ పెట్టానండి, నిజంగా పెట్టాను." ఆ మాట విన్నప్పుడు, ఇంట్లో కూడా ఎవరూ నమ్మక చివరికి నీ దగ్గరికి వచ్చారేమో గుర్తుపెట్టుకో స్వప్నా. మీటరు తర్వాత తియ్యి. ముందు కుర్చీ చూపించు.